బెలూన్‌పై ఎగరేసే గైగర్ కౌంటర్: ఎస్‌బీఎం-20 బోర్డుపై ఒక సమీక్ష

విద్యార్థులు వాతావరణ బెలూన్‌కు ఒక థర్మోకోల్ పెట్టెను కట్టి, 30 కిలోమీటర్ల ఎత్తు దాకా పంపి, దారి పొడవునా రేడియేషన్ ఎలా మారుతుందో కొలవాలనుకున్నప్పుడు వారికి తరచుగా ఎదురయ్యే పరికరం ఎస్‌బీఎం-20 గైగర్ గొట్టం అమర్చిన చిన్న బోర్డు. దానికి ఐదు వోల్టులు అందిస్తే చాలు, గొట్టానికి కావలసిన 400 వోల్టులను తానే తయారు చేసుకుంటుంది. గొట్టం ఒక కణాన్ని పసిగట్టిన ప్రతిసారీ ఒక పిన్ను మీద ఒక పల్స్ ఇస్తుంది. ఇదే నమూనా చిన్న చిన్న మార్పులతో అనేక పేర్ల మీద అమ్ముడవుతోంది కాబట్టి ఇక్కడ తయారీదారు ఎవరన్నది పక్కన పెట్టి, ఆ నమూనాలో ఉన్న మంచిచెడ్డలనే పరిశీలిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. ఈ ప్రయోగానికి ఇది నిస్సందేహంగా కొనదగిన పరికరం. అయితే డబ్బా విప్పి ఉన్నదున్నట్టు ఎగరేయదగిన స్థితిలో అది రాదు. దాని హై వోల్టేజి భాగానికి పలచని గాలిని తట్టుకునే రక్షణ ఉండదు. దానితో ఇచ్చే ప్రోగ్రాము చూపించే మైక్రోసీవర్ట్ అంకెకు, అంటే శరీరానికి చేరే రేడియేషన్ మోతాదును చెప్పే అంకెకు, పైకి వెళ్లాక అర్థం ఉండదు. కొనే ముందు ఈ రెండు విషయాలూ తెలిసి ఉండాలి.

ఇటువంటి పరికరాన్ని ఏ కొలబద్దతో తూచాలో తేల్చుకోవాలంటే అది కొలవబోయేదేమిటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1912 ఆగస్టు 7న భౌతికశాస్త్రవేత్త విక్టర్ హెస్ మనుషులను మోసే బెలూన్‌లో సుమారు 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి, మొదటి కిలోమీటరులో కొంచెం తగ్గిన గాలి అయనీకరణం (కిరణాలు తగిలి గాలి అణువులు విద్యుదావేశం పొందడం) ఆ తరువాత పెరుగుతూ పోయి, ఐదు కిలోమీటర్ల దగ్గర నేలమీద ఉన్నదానికి సుమారు రెట్టింపు అయినట్లు చూశాడు. గాలిని అలా అయనీకరించే కిరణాలు, అంటే విశ్వకిరణాలు, పైనుంచే వస్తున్నాయని తేల్చినందుకు 1936లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1930లలో ఎరిక్ రెగెనర్, ఆయన శిష్యుడు గెయోర్గ్ ఫోట్సర్ మనుషులు లేని బెలూన్లతో ఇంకా పైకి వెళ్లి, ఆ పెరుగుదల ఎక్కడో ఒకచోట ఆగి, ఆపైన తగ్గుతుందని చూపించారు. అంతరిక్షం నుంచి వచ్చే ప్రాథమిక కణాలలో అత్యధిక భాగం ప్రోటాన్లు. అవి గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కేంద్రకాలను ఢీకొని పయాన్లు అనే అల్పాయుష్షు కణాలను పుట్టిస్తే, వాటి నుంచి మ్యువాన్లు (ఎలక్ట్రాన్ల వంటివే కానీ బరువైన కణాలు), గామా కిరణాలు, ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు జల్లుగా కురుస్తాయి. మరీ పైన ఢీకొనడానికి గాలి చాలదు. మరీ కింద అడ్డుపడే గాలి ఎక్కువై జల్లు సన్నగిల్లుతుంది. ఈ రెంటికీ మధ్య, చోటును బట్టి 15 నుంచి 25 కిలోమీటర్ల నడుమ, కౌంట్లు శిఖరాన్ని తాకుతాయి. దాన్నే రెగెనర్–ఫోట్సర్ గరిష్ఠం అంటారు.

కాబట్టి నా దృష్టిలో ఈ బోర్డుకు పెట్టవలసిన పరీక్ష చాలా స్పష్టమైనది. నేలలోని ఖనిజాల గామా కిరణాలు దూరమయ్యే మొదటి కిలోమీటరులో కౌంట్లు పెరగకపోవడం, ఆపై ఎగబాకడం, శిఖరం చేరడం, శిఖరం దాటాక తగ్గడం అనే నాలుగు దశలనూ అది నమ్మదగినట్లుగా పట్టుకోగలగాలి. నమ్మదగినట్లుగా అన్న మాటను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఈ నాలుగింటిలో చివరి దశను పరికరంలోని లోపాలు చాలా సులభంగా అనుకరించగలవు. ఆ సంగతి కాసేపట్లో వివరిస్తాను.

ముందుగా గొట్టం. సోవియట్ కాలంలో పెద్ద ఎత్తున తయారైన ఎస్‌బీఎం-20 సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరుకు కాస్త మించిన వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం. గోడ మందం 0.05 మిల్లీమీటరు మాత్రమే కాబట్టి గామా కిరణాలతో పాటు చెప్పుకోదగ్గ శక్తి ఉన్న బీటా కణాలు, మ్యువాన్లు లోపలికి వస్తాయి. ఆల్ఫా కణాలు రావు. పనిచేసే వోల్టేజి 350 నుంచి 475 దాకా, సిఫారసు చేసినది 400. పనిచేసే ఉష్ణోగ్రత మైనస్ 60 నుంచి ప్లస్ 70 డిగ్రీల వరకు అని దాని వివరపత్రం చెబుతుంది. బెలూన్ పనికి ఇన్ని అనుకూల గుణాలు ఒకే గొట్టంలో దొరకడం అదృష్టమే. ఇదే తరహా బోర్డులు గాజు గొట్టాలతో కూడా వస్తాయి. అవి చవక, నేలమీద బాగానే పనిచేస్తాయి, కానీ గాజు పారదర్శకంగా ఉన్న గొట్టాలు ఎండ తగిలితే దొంగ కౌంట్లు ఇవ్వగలవు. పైగా పారాచూట్ కింద దిగి రాళ్ల మీదో చెట్టు కొమ్మల మీదో పడే పెట్టెలో గాజును పెట్టడం అనవసరమైన సాహసం. రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే వీలుంటే కాస్త ఎక్కువ పెట్టయినా ఉక్కు గొట్టమున్న బోర్డునే తీసుకోవాలి. గొట్టాన్ని బోర్డు మీద పట్టి ఉంచేవి ఫ్యూజు క్లిప్పులు మాత్రమే. బెలూన్ పగిలిన క్షణంలో పెట్టె విసురుగా తిరగబడుతుంది కాబట్టి క్లిప్పులతో పాటు రెండుచోట్ల మెత్తని పట్టీతో గొట్టాన్ని కట్టి ఉంచాలి. గోడ పలచన కాబట్టి గట్టిగా బిగించకూడదు.

ఇంత చిన్న గొట్టం ఈ పనికి సరిపోతుందా అన్న అనుమానం సహజం. నేలమీద ఇది నిమిషానికి సుమారు 20 నుంచి 25 కౌంట్లు చూపుతుంది. కణాల రాక యాదృచ్ఛికం కాబట్టి ఏ లెక్కలోనైనా దాని వర్గమూలమంత అనిశ్చితి తప్పదు. అంటే 25 కౌంట్లకు 5 అటూఇటూ, సుమారు 20 శాతం. ఒక్క నిమిషం కొలిచి నేలమీది స్థాయి ఇదీ అని చెప్పడానికి అది చాలదు. అందుకే ఎగరేసే ముందు బోర్డును ఒక రాత్రంతా నడిపి సగటు తీసుకోవాలి. పైన మాత్రం కౌంట్లు నిమిషానికి వందల్లోకి చేరతాయి. 400 కౌంట్లకు అనిశ్చితి 20, అంటే 5 శాతమే. బెలూన్ సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎక్కుతుంటే ఒక నిమిషంలో 300 మీటర్లు కదులుతుంది. 30 కిలోమీటర్లు చేరడానికి 100 నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాల కౌంట్లను కలిపి ఒక్కొక్క బిందువుగా గీసినా శిఖరం ఆకారం చక్కగా కనిపించేంత వివరం మిగులుతుంది. ఒక పల్స్ తరువాత గొట్టం తిరిగి సిద్ధం కావడానికి 190 మైక్రోసెకన్లు పడుతుంది. నిమిషానికి 1,000 కౌంట్లు వచ్చినా దీనివల్ల పోయేవి 0.3 శాతమే కనుక ఆ సవరణ గురించి విద్యార్థులు ఆందోళన పడనక్కర లేదు. లెక్క చేసి చూపించడం మంచి అభ్యాసమే, అయితే ఫలితం మారదు.

ఇక అసలు సమస్య హై వోల్టేజి భాగం. ఒక టైమర్ చిప్పు లేదా చిన్న మైక్రోకంట్రోలరు, ఒక కాయిలు, ట్రాన్సిస్టరు, డయోడు, కెపాసిటరు కలిసి ఐదు వోల్టులను 400కి పెంచుతాయి. నేలమీద ఈ సర్క్యూట్ నిర్మాణంలో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే గాలి పీడనం తగ్గేకొద్దీ గాలి విద్యుత్తును ఆపగల శక్తి కూడా తగ్గుతుంది. పాషెన్ నియమం ప్రకారం రెండు లోహాల మధ్య గాలి ఎంత వోల్టేజి వద్ద తెగిపోయి విద్యుత్తును దాటనిస్తుందన్నది పీడనం, ఎడం రెంటి గుణకారం మీద ఆధారపడుతుంది. ఆ వోల్టేజి గాలికి ఎంత తగ్గినా సుమారు 330 కంటే కిందికి పోదు. బల్లమీద, మామూలు పీడనంలో, ఆ కనిష్ఠం రావాలంటే ఎడం మిల్లీమీటరులో వందో వంతు కంటే తక్కువ ఉండాలి కాబట్టి ఎవరికీ దానితో పని పడదు. 30 కిలోమీటర్ల ఎత్తున పీడనం 12 హెక్టోపాస్కల్స్, అంటే సముద్రమట్టం దగ్గరి పీడనంలో సుమారు ఎనభయ్యో వంతు మాత్రమే. అక్కడ ఆ కనిష్ఠం సరిగ్గా ఒక మిల్లీమీటరు అటూఇటూ ఉన్న ఎడాల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. ఈ బోర్డు మీద హై వోల్టేజి రాగి గీతకూ పక్కనున్న గ్రౌండుకూ మధ్య, టంకం వేసిన కాళ్ల మధ్య ఉండే ఎడాలు చాలాచోట్ల అంతే ఉంటాయి. మన వోల్టేజి 400. పేరుకు చిన్న తేడాలాగే కనిపించినా, 330ని దాటి ఉన్న ఆ 70 వోల్టులే ప్రయోగాన్ని పాడుచేయడానికి చాలు.

అయినా బోర్డు కాలిపోదు. దారిలో మెగా ఓమ్‌ల నిరోధకం ఉంటుంది, సరఫరాలో పెద్ద కరెంటు ఇచ్చే సత్తువా ఉండదు. కాబట్టి పొగ రాదు, వాసన రాదు, తిరిగి నేలమీదికి వచ్చాక అంతా మామూలుగా ఉంటుంది. జరిగేది రెండింటిలో ఒకటి. చిన్న చిన్న విద్యుత్ ఉత్సర్గాలు పల్సులుగా లెక్కలోకి చేరి, శిఖరం దాటాక తగ్గవలసిన కౌంట్లు పెరుగుతూనే పోవచ్చు. లేదా కరెంటు ఎడతెగకుండా కారిపోవడం వల్ల గొట్టానికి అందే వోల్టేజి పడిపోయి, గొట్టం మందగించి, కౌంట్లు తగ్గిపోవచ్చు. మొదటిది చూసినవారు ఏదో పొరపాటు జరిగిందని గుర్తిస్తారు. రెండోది చాలా ప్రమాదకరం, ఎందుకంటే అది అచ్చం ఫోట్సర్ గరిష్ఠం తరువాతి తగ్గుదలలాగే కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో చెప్పినట్లే వచ్చిందని సంతోషించి నివేదికలో అతికించిన గీత, నిజానికి వాడిపోయిన వోల్టేజి గీసిన గీత కావచ్చు. ఈ బోర్డు అమ్మేవారు దీని గురించి కాగితం మీద ఒక్క మాట కూడా రాయకపోవడం నాకు తీవ్రమైన లోపంగా అనిపిస్తుంది. బల్లమీద వాడేవారికి ఆ హెచ్చరిక అక్కర్లేకపోవచ్చు. కానీ బెలూన్ ప్రయోగాలకు పనికొస్తుందని ప్రకటనలో రాసేవారికి ఆ బాధ్యత ఉంటుంది.

దీనికి మందు సులువైనదే. హై వోల్టేజి భాగాన్ని, గొట్టం చివర్లను, క్లిప్పులను ఆల్కహాలుతో శుభ్రంగా తుడిచి, ఎలక్ట్రానిక్ బోర్డుల కోసం అమ్మే సిలికోన్ పూతను రెండు మూడు పొరలుగా వేయాలి. గట్టిపడే ఎపాక్సీ కంటే మెత్తగా ఉండే సిలికోన్ మేలు. చలికి ముడుచుకుని పగుళ్లు తీసే గుణం దానికి తక్కువ. పూతలో గాలి బుడగలు చిక్కుకోకుండా చూసుకోవాలి, ఎందుకంటే బుడగ ఉన్నచోట సమస్య తిరిగి మొదటికొస్తుంది. టంకం వేసిన చోట సూదిలా పొడుచుకు వచ్చిన కాళ్లను ముందే కత్తిరించి గుండ్రంగా చేయాలి. ఈ పనికి ఒక సాయంత్రం చాలు. 400 వోల్టుల కెపాసిటరు స్విచ్చి తీసేశాక కూడా కొంతసేపు ఛార్జి పట్టి ఉంచుతుందని, ముట్టుకుంటే షాకు కొడుతుందని విద్యార్థులకు ముందే చెప్పి, ఉపాధ్యాయుల సమక్షంలోనే ఈ పని చేయించాలి.

పూత పనిచేసిందో లేదో తెలుసుకునే పరీక్ష నాకు ఈ మొత్తం ప్రయోగంలో అన్నిటికంటే ఇష్టమైనది. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉండే వాక్యూమ్ జాడీలో బోర్డును బ్యాటరీతో సహా పెట్టి, కౌంట్లు నమోదు చేయిస్తూ, పీడనాన్ని 10 హెక్టోపాస్కల్స్ దాకా మెల్లగా తగ్గించాలి. జాడీలో గాలి తీసేసినంత మాత్రాన గదిలోకి వచ్చే విశ్వకిరణాలు మారవు. కాబట్టి కౌంట్లు నేలమీది సగటు దగ్గరే నిలకడగా ఉండాలి. పెరిగినా తగ్గినా అది బోర్డు ఆడుతున్న అబద్ధమే. సరఫరా వోల్టేజి తేడాను, చలి ప్రభావాన్ని, పీడన ప్రభావాన్ని విడివిడిగా చూడవచ్చునన్న ఆలోచన కూడా విద్యార్థులకు ఇక్కడే అలవడుతుంది. జాడీ దొరకని బృందానికి మరొక ఆసరా ఉంది. బెలూన్ పగిలాక పెట్టె కిందికి వచ్చేటప్పుడు మళ్లీ అదే శిఖరం గుండా వస్తుంది. ఎక్కేటప్పుడు ఏ పీడనం దగ్గర శిఖరం కనిపించిందో దిగేటప్పుడు కూడా దాదాపు అక్కడే కనిపించాలి. అయితే పలచని గాలిలో పారాచూట్ పట్టు దొరకదు. నేల దగ్గర సెకనుకు 5 మీటర్లతో దిగే పెట్టె 30 కిలోమీటర్ల దగ్గర 40 మీటర్లకు పైగా వేగంతో పడుతుంది. కాబట్టి దిగే దారిలో బిందువులు తక్కువగా, చెల్లాచెదురుగా ఉంటాయి. శిఖరం ఉనికిని ధ్రువీకరించడానికి అవి చాలు, దాని ఎత్తును కచ్చితంగా చెప్పడానికి చాలవు.

మైక్రోసీవర్ట్ అంకె సంగతి ఇప్పుడు చూద్దాం. బోర్డుతో పాటు దొరికే చాలా ప్రోగ్రాములు నిమిషానికి వచ్చిన కౌంట్లను 0.0057 వంటి ఒక స్థిరాంకంతో గుణించి గంటకు ఇన్ని మైక్రోసీవర్ట్లు అని చూపిస్తాయి. సీసియం-137, కోబాల్ట్-60 వంటి మూలాల గామా కిరణాలతో సరిపోల్చి తీసిన స్థిరాంకాలు అవి. నేలమీద, గామా కిరణాల మధ్య, ఆ గుణకారానికి ఒక మోస్తరు అర్థం ఉంది. పైన ఉన్నది వేరే ప్రపంచం. గైగర్ గొట్టం తనలోకి వచ్చిన గామా కిరణాలలో నూటికి ఒకటి స్థాయిలోనే పట్టుకుంటుంది, విద్యుదావేశం ఉన్న కణాలను మాత్రం దాదాపు ఒక్కటీ వదలదు. న్యూట్రాన్ల విషయంలో అది ఇంచుమించు గుడ్డిది, కానీ విమానాలు ఎగిరే ఎత్తుల్లో మనిషి శరీరానికి చేరే మోతాదులో న్యూట్రాన్ల వాటా గణనీయమైనది. కాబట్టి 500 కౌంట్లను 0.0057తో గుణించి 2.85 మైక్రోసీవర్ట్లు అని రాస్తే, ఆ దశాంశ స్థానాలు ఇచ్చే కచ్చితత్వపు భ్రమ తప్ప దానిలో పనికొచ్చే సమాచారం ఏమీ ఉండదు. నివేదికలో నిలువు అక్షం మీద నిమిషానికి కౌంట్లు అనో, నేలమీది సగటుకు ఎన్ని రెట్లు అనో రాయాలి. అది నిజాయితీ గల కొలత, పైగా ఇదే గొట్టం వాడిన మరో బృందం ఫలితంతో నేరుగా పోల్చదగినది. భూ అయస్కాంత క్షేత్రం మధ్యరేఖ దగ్గర తక్కువ శక్తి గల కణాలను అడ్డుకుంటుంది, ధ్రువాల వైపు వదిలేస్తుంది. సూర్యుడి 11 ఏళ్ల చక్రంలో సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు విశ్వకిరణాలు తగ్గుతాయి. రెండు వేర్వేరు అక్షాంశాల నుంచి ఎగరేసిన ఒకే రకం బోర్డుల కౌంట్లు పక్కపక్కన పెడితే బయటపడే ఈ విషయాలన్నీ మైక్రోసీవర్ట్ అంకె వెనక మసకబారిపోతాయి.

పల్స్ అవుట్‌పుట్ ఈ బోర్డుకున్న గొప్ప బలం. సొంత తెర, సొంత సగటు లెక్కలు ఉన్న చేతి మీటర్ల కంటే ఇది మేలనడానికి కారణం కూడా ఇదే. చేతి మీటర్లు చూపే అంకె వెనక ఎంతసేపటి సగటు ఉందో తెలియదు. నిమిషానికి కొన్ని కిలోమీటర్లు దిగుతున్న పెట్టెలో ఆ సగటు శిఖరాన్ని చెరిపి, పక్కకు జరుపుతుంది. ఇక్కడ ప్రతి పల్సూ మన చేతికి వస్తుంది. మైక్రోకంట్రోలరులోని హార్డ్‌వేర్ కౌంటరుకు దాన్ని కలిపి, పది సెకన్లకొకసారి ముడి కౌంటును సమయంతో సహా మెమరీ కార్డు మీద రాయిస్తే చాలు. సగటు, గీత, సవరణ అన్నీ నేలమీదికి వచ్చాక తీరిగ్గా చేసుకోవచ్చు. కార్డు మీద రాసే క్షణంలో ప్రోగ్రాము ఆగిపోయి పల్సులు జారిపోకుండా చూసుకోవడం కోసమే హార్డ్‌వేర్ కౌంటరు అంటున్నాను. బోర్డు మీది బజర్‌ను జంపరు తీసి ఆపేయాలి. అది తినే కరెంటు కొంచెమే అయినా పైన వినేవారెవరూ లేరు.

రేడియో జోక్యం గురించి ఒక మాట. గొట్టం వైపు ఉన్న సర్క్యూట్ చాలా ఎక్కువ నిరోధకం గలది కాబట్టి పెట్టె ఎక్కడుందో రేడియో ద్వారా తెలిపే ట్రాకర్ ట్రాన్స్‌మిటర్ పక్కనే ఉండి సంకేతం పంపిన ప్రతిసారీ దొంగ పల్సులు పుట్టే అవకాశం ఉంది. ట్రాకర్ నిమిషానికొకసారి పంపితే నిమిషానికొకసారి కౌంటు ఎగురుతుంది. నేలమీది కౌంట్లు తక్కువ కాబట్టి ఇది ఎగరేయడానికి ముందే స్పష్టంగా కనిపెట్టవచ్చు. ట్రాన్స్‌మిటర్ ఆన్ చేసి ఒక గంట, ఆఫ్ చేసి ఒక గంట నడిపి పోల్చితే చాలు. తేడా కనిపిస్తే యాంటెన్నాను దూరంగా తాడు మీద వేలాడదీయడం, బోర్డును గ్రౌండుకు కలిపిన పలచని రేకుతో చుట్టడం రెండూ పనిచేస్తాయి.

చలి విషయంలో బోర్డు కంటే బ్యాటరీ ముందుగా లొంగిపోతుంది. ప్రామాణిక వాతావరణ నమూనాలో 11 నుంచి 20 కిలోమీటర్ల దాకా మైనస్ 56.5 డిగ్రీలు, ఉష్ణమండలంలో 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 వరకూ పోతుంది. శిఖరం ఉండేది కూడా ఇంచుమించు అక్కడే కావడం గమనించాలి. మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేసే, రీఛార్జి చేయలేని లిథియం సెల్సు వాడి, అన్నింటినీ మందమైన థర్మోకోల్‌లో మూసి ఉంచితే లోపలి వేడి నిలుస్తుంది. సరఫరా వోల్టేజి పడిపోతే హై వోల్టేజి కూడా జారవచ్చు. ఈ గొట్టం పీఠభూమి ప్రాంతంలో, అంటే వోల్టేజి మారినా కౌంట్లు పెద్దగా మారని పరిధిలో, వోల్టుకు 0.1 శాతం చొప్పున కౌంట్లు మారవచ్చు కాబట్టి పది వోల్టుల తేడా పట్టించుకోనక్కర లేదు, వంద వోల్టుల తేడా ప్రయోగాన్ని ముంచుతుంది. దీన్ని కొలవాలనుకునేవారు మామూలు మల్టీమీటర్‌ను నేరుగా తగిలించకూడదు. దాని 10 మెగా ఓమ్‌ల నిరోధకమే ఈ బలహీనమైన సరఫరాను కుంగదీసి తక్కువ అంకె చూపిస్తుంది. మధ్యలో ఒక గిగా ఓమ్ నిరోధకం పెట్టి కొలిచి లెక్క కట్టాలి. బోర్డు మీద వోల్టేజి సరిచేసే చిన్న స్క్రూ ఉన్న నమూనాలకు ఇది తప్పనిసరి, ఎందుకంటే ఆ స్క్రూ 400 దగ్గరే అమర్చి వస్తుందని భరోసా ఏమీ లేదు.

కిట్‌లో భాగం కాకపోయినా ఎత్తు కొలిచే సాధనాల గురించి చెప్పక తప్పదు, ఎందుకంటే ఏ ఎత్తులో వచ్చినవో తెలియని కౌంట్లు పనికిరావు. చాలా జీపీఎస్ రిసీవర్లు ఎగుమతి నియంత్రణ నిబంధనల వల్ల 18 కిలోమీటర్లు దాటగానే స్థానం చెప్పడం మానేస్తాయి. సరిగ్గా శిఖరం పరిసరాలలో ఎత్తు తెలియకుండా పోవడమంటే ప్రయోగం వెన్నెముక విరిగినట్లే. ఎగిరే వాహనాల కోసం ప్రత్యేక మోడ్ ఉండి, 50 కిలోమీటర్ల దాకా పనిచేసే రిసీవర్‌ను ఎంచుకుని, ఆ మోడ్‌ను ఆన్ చేశారో లేదో చూసుకోవాలి. పీడన సెన్సర్లలోనూ ఇదే చిక్కు ఉంది. విద్యార్థుల పెట్టెల్లో విరివిగా కనిపించే బీఎంపీ280 నిర్దేశిత పరిధి 300 హెక్టోపాస్కల్స్‌తో, అంటే సుమారు 9 కిలోమీటర్లతో, ముగుస్తుంది. ఎంఎస్5611 పరిధి 10 హెక్టోపాస్కల్స్ దాకా ఉంది కనుక బెలూన్ ప్రయాణం మొత్తానికి సరిపోతుంది. కౌంట్లను ఎత్తుతో కాక పీడనంతో గీయడం భౌతికశాస్త్రపరంగా కూడా సరైనది. పీడనం అంటే పైన ఉన్న గాలి బరువు. విశ్వకిరణాల జల్లు ఎంత గాలిని దాటి వచ్చిందో చెప్పేది అదే. ఒక హెక్టోపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు ఒక గ్రాము గాలి.

ఎగరేసే ముందు గొట్టం పనిచేస్తోందని చూసుకోవడానికి ప్రత్యేక రేడియోధార్మిక మూలం అక్కర్లేదు. పొటాషియం క్లోరైడు సంచి చాలు. సహజ పొటాషియంలో ఉండే పొటాషియం-40 వల్ల ఒక్కో గ్రాము పొటాషియం నుంచి సెకనుకు సుమారు 31 విఘటనలు జరుగుతాయి. గొట్టాన్ని సంచికి ఆనించి ఒక గంట, దూరంగా ఒక గంట లెక్కించి చూస్తే తేడా కనిపిస్తుంది. ఎగరడానికి ముందు, తిరిగి వచ్చాక ఒకే సంచితో ఒకే అమరికలో కొలిచి రెండూ సరిపోయాయని నివేదికలో చూపిస్తే, దారిలో గొట్టం దెబ్బతినలేదన్న వాదనకు మంచి బలం వస్తుంది.

దీనికి పోటీగా చెప్పుకోదగినవి కొన్ని ఉన్నాయి. అభ్రకపు కిటికీ ఉన్న ఎల్ఎన్‌డీ 712 వంటి గొట్టాలు ఆల్ఫా కణాలను కూడా పట్టుకుంటాయి, కానీ ఆ గుణం ఈ ప్రయోగానికి ఉపయోగపడదు, పలచని కిటికీ చిరిగే భయం మాత్రం వెంట ఉంటుంది. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ (అతి సన్నని వెలుగును పసిగట్టే చిప్పు) తగిలించిన సింటిలేటర్ (కణం తగిలితే మెరిసే పదార్థం) కణాల శక్తిని కూడా చెప్పగలదు, 400 వోల్టుల బెడదా ఉండదు. అయితే వెలుగు రాకుండా మూయడం, ఉష్ణోగ్రతతో మారే స్పందనను సవరించడం తొలిసారి ఎగరేసే బృందానికి భారమవుతాయి. వాటికంటే నేను సిఫారసు చేసేది ఇదే బోర్డును రెండు తీసుకోవడం. ఒక గొట్టం పైన మరొకటి ఉంచి, రెండింటిలో దాదాపు ఒకే క్షణంలో పల్స్ వచ్చినప్పుడే వేరుగా లెక్కిస్తే, రెండింటినీ చీల్చుకుపోయిన ఆవేశ కణాలు ప్రధానంగా మిగులుతాయి. విడిగా వచ్చే గామా కిరణాలు చాలావరకు తప్పుకుంటాయి. వాల్టర్ బోతే, వెర్నర్ కోల్‌హార్‌స్టర్ 1929లో విశ్వకిరణాల మీద వాడిన పద్ధతి ఇదే. ఫోట్సర్ బెలూన్లలో వెళ్లినవి కూడా ఇలా వరుసగా అమర్చిన గైగర్ గొట్టాలే. ఏకకాల కౌంట్లు తక్కువగా ఉంటాయి కాబట్టి గీత గరుకుగా వస్తుంది. దానికి బదులుగా, ఒక బోర్డులో వోల్టేజి ఉత్సర్గం జరిగితే రెండో బోర్డుతో పోల్చగానే బయటపడుతుంది. రెండు బోర్డుల కౌంట్లు శిఖరం దాకా కలిసి నడిచి, ఆపైన విడిపోతే, ఆ క్షణం నుంచి ఉన్న డేటాను పక్కన పెట్టవచ్చు.

మొదటిసారి ఎగరేయబోయే బృందానికి నా సలహా ఇది. రెండు బోర్డులు, సిలికోన్ పూత, విస్తృత పరిధి గల పీడన సెన్సరు ముందుగా తెప్పించుకోండి. కెమెరా, రంగుల తెర, ఫోన్‌కు అంకెలు పంపే అదనపు మాడ్యూలు వంటివి బరువు, బ్యాటరీ మిగిలితేనే చేర్చండి. బోర్డులు చేతికి వచ్చిన వారంలోనే వోల్టేజి కొలిచి, పూత వేసి, రాత్రంతా నడిపి, జాడీ పరీక్ష చేయండి. ఆ పరీక్షలో ఏ బోర్డు తప్పినా, పూత తీసి మళ్లీ వేసి, తిరిగి పరీక్షించేంత వ్యవధి ఎగరేసే తేదీకి ముందు మిగిలి ఉండాలి.